మా నాన్న, నేను, ఒక టెంటు: నార్వే కొండల్లో అయిదు రోజులు

మా పాపకి అప్పుడు మూడో నెల. అమ్మా నాన్నా మిర్యాలగూడ నించి ఆస్లో వచ్చి నాలుగు వారాలైంది. అమ్మకి మనవరాలితో పొద్దు ఎట్ల గడుస్తుందో తెలీట్లేదు, నాన్నకి మాత్రం ఇంట్లో కాలు నిలవట్లేదు. పేపర్ లేదు, టీ కొట్టు లేదు, కింద నిలబడి మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు. రోజుకి మూడుసార్లు బాల్కనీలోకి పోయి ఆకాశం చూసొచ్చి "వాన పడేటట్టుంది" అనేవాడు, పడేది కూడా. చివరికి మా ఆవిడే అంది, మామయ్యని ఎటైనా తీసుకెళ్ళు, లేకపోతే డిష్‌వాషర్ మళ్ళీ విప్పుతాడు అని.

నాకు ఇక్కడికొచ్చిన రెండేళ్ళ నించీ యోటున్‌హైమెన్ కొండల్లో టెంటు వేసుకుని తిరగాలని ఉండేది. ఆఫీసులో లంచ్ టైంలో అందరూ దాని గురించే మాట్లాడతారు, నేను మాత్రం తలూపుతూ కూర్చునేవాణ్ణి. సరే ఈసారి పోదాం, కొండలు, ఆ తర్వాత హిమానీనదం, తిరిగొచ్చేటప్పుడు ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), అయిదు రోజులు అని ప్లాన్ వేశా. నాన్నకి 63 ఏళ్ళు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా సాగర్ ఎడమ కాల్వ మీద సర్వీసంతా చేశాడు కాబట్టి నడక కొత్త కాదు, కాల్వ కట్ట మీద రోజూ పది కిలోమీటర్లు తిరిగిన మనిషే. కాకపోతే తెచ్చుకున్న చెప్పులు చూస్తేనే నాకు భయమేసింది. రెండు వారాల ముందే హైకింగ్ బూట్లు కొని, అవి కాళ్ళకి అలవాటు పడాలని రోజూ సాయంత్రం సోంగ్స్‌వాన్ చెరువు చుట్టూ తిప్పాను. మూడు కిలోమీటర్ల చిల్లర చుట్టు అది. మొదటి రోజు బొబ్బలొచ్చినయ్, అయిదో రోజుకి నాకన్నా ముందు నడుస్తున్నాడు. కొత్త బూట్లతో డైరెక్టుగా కొండెక్కేవాళ్ళకి ఇదొక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ఎక్కకండి.

సామాన్ల మీద నేను బాగానే ఖర్చు పెట్టా. టెంటు, మైనస్‌కి కూడా పనికొస్తుందన్న స్లీపింగ్ బ్యాగులు, కింద పరుచుకునే మ్యాట్‌లు, చిన్న గ్యాస్ స్టవ్వు, దానికి మర బిగించే సిలిండర్ డబ్బాలు (ఇవి ఫ్లైట్‌లో తేనియ్యరు, వేరే దేశం నించి వచ్చేవాళ్ళు ఇక్కడే కొనుక్కోవాలి). కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి, ఉన్ని బనియన్లే వేసుకోవాలి అని నాన్నకి అరగంట క్లాసు పీకా. అంతా విని "సరే గానీ లుంగీ పెట్టుకుంటా" అన్నాడు. అమ్మ మామిడికాయ తొక్కు, కారప్పొడి, ఒక డబ్బా మురుకులు, మొదటి రోజుకి పులిహోర సర్దింది. నాన్న మంకీ టోపీ సంగతి చెప్పక్కర్లేదు, అది ఆయనతో పాటు వీసా తెచ్చుకున్నట్టే వచ్చింది.

దారిలో నేను అలెమన్స్‌రెట్టెన్ గురించి చెప్పా. అంటే ప్రతి మనిషికీ ప్రకృతిలో తిరిగే హక్కు. 1957లో చట్టంగా రాసుకున్నారు గానీ అలవాటు అంతకన్నా చాలా పాతది. సాగు చెయ్యని భూమి ఎవరిదైనా సరే, అడగకుండా నడవొచ్చు, టెంటు వెయ్యొచ్చు, దగ్గర్లో ఉన్న ఇంటికి మాత్రం 150 మీటర్ల దూరం ఉండాలి, ఒకే చోట రెండు రాత్రులకి మించి ఉండాలంటే భూమిగల వాళ్ళని అడగాలి, మనుషులకి దూరంగా పైన కొండల్లోనైతే ఆ లెక్క కూడా ఉండదు. పొలాల్లోకీ, పెరట్లోకీ పోకూడదు. ఏప్రిల్ 15 నించి సెప్టెంబర్ 15 దాకా అడవిలో గానీ అడవి పక్కన గానీ మంట వెయ్యకూడదు.

నాన్న చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆయన సర్వీసంతా గట్టు జరిగిందనీ, తూము పగలగొట్టారనీ రైతుల తగాదాలు తీర్చడంతోనే గడిచింది మరి. "ఎవడి భూమిలో పడితే వాడి భూమిలో పడుకుంటే ఊకుంటరా?" అన్నాడు. ఊకుంటారు నాన్నా అన్నా. "మంచోళ్ళే" అని పులిహోర డబ్బా మూత తీశాడు.

ఆస్లో నించి ఫాగర్నెస్ మీదుగా నాలుగు గంటలు పైనే పట్టింది. బైటోస్తోలెన్ దాటాక చెట్లు పొట్టిగా అయిపోతాయి, తర్వాత అసలు ఉండవు. అదే వాల్డ్రెస్‌ఫ్లీ, రోడ్డు 1389 మీటర్ల దాకా ఎక్కే పెద్ద బోడి మైదానం, నాచు, రాళ్ళు, చిన్న చిన్న నీటి గుంటలు, దూరంగా తెల్ల మచ్చల్లాంటి మంచు. కారు ఆపి, బ్యాగులు తగిలించుకుని రోడ్డుకి అరగంట దూరం నడిచాం. అక్కడ నాకు ఒక చోటు చూడగానే నచ్చేసింది, మెత్తటి గడ్డి, పరుపు పరిచినట్టు చదునుగా, పక్కనే చిన్న వాగు. యూట్యూబ్‌లో చూసినట్టే ఉంది. నాన్న అటూ ఇటూ తిరిగి, కాలితో రెండుసార్లు తొక్కి చూసి, "ఇక్కడ నీళ్ళు నిలబడతయిరా, ఆ దిబ్బ మీద వేద్దాం" అన్నాడు. ఆ దిబ్బ మీదేమో గులకరాళ్ళు, కాస్త వాలుగా కూడా ఉంది. అయిదు సెంటీమీటర్ల మ్యాట్ ఉంది కదా అని కూడా నాకు తట్టలేదు చూడండి, నడుము నొప్పొస్తుంది నాన్నా, ఫోర్‌కాస్ట్‌లో కొంచెమే వాన చూపిస్తోంది, ఏం కాదు అని నా చోట్లోనే వేశా. ఆయన ఇంకేం అన్లేదు. ఆ ఏం అనకపోవడం ఏంటో నాకు రాత్రి అర్థమైంది.

పది దాటినా వెలుతురు పోలేదు. "ఇంకా పొద్దు గూకలేదేందిరా" అని నాన్న పదిసార్లు జిప్పు తీసి చూశాడు. ఆస్లోలో కర్టెన్లు వేసుకుని పడుకుంటాం కాబట్టి అంతగా తెలీలేదు, టెంట్లో ఆకుపచ్చ గుడ్డలోంచి వెలుతురు మొహం మీద పడుతూనే ఉంటుంది. మంకీ టోపీ కళ్ళ మీదకి లాక్కుని పడుకున్నాడు. అప్పటిదాకా ఆ టోపీని చూసి నవ్విన నేను, నా టోపీ కూడా కళ్ళ మీదకి లాక్కున్నా.

ఒంటిగంటకి వాన మొదలైంది. పెద్ద వానేం కాదు, సన్నగా విడవకుండా. రెండింటికి నా కాళ్ళ దగ్గర చల్లగా తగిలింది, చెయ్యి పెడితే మ్యాట్ కింద టెంటు అడుగు నీళ్ళ మంచంలాగా కదుల్తోంది. నాన్న అప్పటికే లేచి కూర్చుని బూట్లు వేసుకుని ఉన్నాడు. ఎంతసేపటి నించి అలా కూర్చున్నాడో. "పార ఉందా?" అన్నాడు. పారెందుకు నాన్నా అంటే "చిన్న కాల్వ కొడితే నీళ్ళు పక్కకి పోతయ్". ఇక్కడ నేల తవ్వకూడదు, నాచు ఒకసారి లేచిపోతే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది అని ఆ వానలో, ఆ చలిలో నేను పర్యావరణం మీద లెక్చర్ ఇస్తున్నా, ఆయన భోజనం స్పూను చేతిలో పట్టుకుని వింటున్నాడు. చివరికి ఇద్దరం టెంటుని నాలుగు మూలలా పట్టుకుని, సామాన్లతో సహా, ఆ దిబ్బ మీదకి మోసుకెళ్ళాం. నాలుగు డిగ్రీలుంది అప్పుడు. దిబ్బ మీద ఒక్క చుక్క నిలబడలేదు. పొద్దున చూస్తే నా పరుపులాంటి గడ్డి జాగాలో మడమ మునిగేంత నీళ్ళు.

తర్వాత ప్రతి రాత్రీ చోటు ఆయనే చూశాడు. ఆయన చూసే పద్ధతి గమనించా. ముందు చుట్టూ ఉన్న వాలు చూస్తాడు, నీళ్ళు ఎటు నించి వచ్చి ఎటు పోతాయో. తర్వాత గడ్డి రంగు. చుట్టుపక్కల కన్నా పచ్చగా, ఒత్తుగా ఉందంటే అక్కడ తేమ నిలుస్తున్నట్టు. వాగుకి మరీ దగ్గర వద్దంటాడు, పైన మంచు కరిగితే మధ్యాహ్నం తర్వాత వాగు పెరుగుతుందని రెండో రోజుకే కనిపెట్టేశాడు. ఇక టాయిలెట్ విషయంలో నీళ్ళకి దూరంగా పోవాలి, గుంట తీసి పూడ్చాలి అని నేను చెప్పబోతే, మా ఊళ్ళో 30 ఏళ్ళు చేసిన పని నాకు నేర్పుతున్నవా అన్నాడు.

రెండో రోజు బెస్సెగ్గెన్. నార్వేలో ఎక్కువమంది నడిచే కొండదార్లలో ఇదొకటి. యెండే అనే పొడుగాటి సరస్సు ఒడ్డున యెండెస్‌హైమ్ నించి పడవెక్కి మెమురుబులో దిగి, కొండ మీదుగా సుమారు 14 కిలోమీటర్లు నడిచి తిరిగి యెండెస్‌హైమ్‌కి రావాలి. మధ్యలో కత్తి వాదరలాంటి గట్టు ఒకటి వస్తుంది, ఒక పక్క కింద 984 మీటర్ల ఎత్తులో యెండే ఆకుపచ్చగా, ఇంకో పక్క 1373 మీటర్ల ఎత్తులో బెస్వాట్నె ముదురు నీలంగా. పక్కపక్కనే రెండు చెరువులు, మధ్యలో నాలుగొందల మీటర్ల తేడా. కారు దూరంగా రైన్స్‌వాంగెన్ పార్కింగ్‌లో పెట్టి షటిల్ బస్సులో రావాలి, పడవ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఈ రెండూ నేను పద్ధతిగా చేశా. చెయ్యనిది ఒకటే, గాలి చూసుకోలేదు. అంటే చూశా, ఈర్ అనే వాతావరణం యాప్‌లో గాలి విసురు 14 అని ఉంది. 14 అంటే ఎంతలే అనుకున్నా. ఇక్కడ గాలిని సెకనుకి మీటర్లలో చెప్తారని నాకు రెండేళ్ళుగా తెలుసు, కానీ బుర్ర గంటకి కిలోమీటర్లలోనే చదువుతుంది. 14 అంటే గంటకి 50 కిలోమీటర్లు, అదీ గట్టు మీద.

పడవలో నాన్న చెయ్యి నీళ్ళలో పెట్టి, తీసి, వేళ్ళు రాసుకుని చూశాడు. ఈ పచ్చరంగు నాచు కాదురా, ఇందులో ఏదో ఉంది అన్నాడు. నిజమే, పైన హిమానీనదాలు కొండరాయిని తిరగట్లో వేసినట్టు రుబ్బుతాయి, ఆ పిండి నీళ్ళలో తేలుతూ ఉంటుంది, అడుక్కి దిగదు, దాని మీద వెలుగు పడి ఆ రంగొస్తుంది. బెస్వాట్నెకి హిమానీనదం నీళ్ళు రావు, అందుకే అది నీలం. "ఒండ్రే కదా" అన్నాడు నాన్న, ఎవరో పాత మనిషి ఎదురుపడ్డట్టు.

మెమురుబు నించి మొదటి గంట నిలువెక్కుడు. రాళ్ళ కుప్పల మీద ఎర్రటి 'టీ' అక్షరం రాసి ఉంటుంది, 1868లో పెట్టిన టూరిస్ట్ సంఘం డీఎన్‌టీ వాళ్ళ గుర్తు, దేశమంతా అదే. ఒక 'టీ' దగ్గర నిలబడితే ఇంకో 'టీ' కనపడాలి. మేం ఎక్కేసరికి కనపడ్డం మానేసింది. మబ్బు కొండ మీదకి దిగింది, గాలికి నాన్న పాంటు జెండాలాగా కొట్టుకుంటోంది. ఒక చిన్న చెరువు దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఇద్దరు ముసలి నార్వే దంపతులు వెనక్కి వస్తున్నారు. గట్టు మీద ఇవాళ నాలుగు కాళ్ళ మీద పాకాలి, మేం పోవట్లేదు అన్నారు నవ్వుతూ. వాళ్ళకి 70 ఉంటాయి, ఆ కొండ వాళ్ళు ఎన్నిసార్లు ఎక్కుంటారో.

నాకేమో పోవాలనే ఉంది. సెలవు పెట్టుకున్నా, టికెట్ పెట్టుకున్నా, ఆఫీసులో చెప్పుకున్నా. ఇంకో అరగంట చూద్దాం నాన్నా అన్నా. ఆయన నా మొహం చూసి, "నువ్వు చూడు, నేను దిగుతా" అని నిజంగానే తిరిగి నడవడం మొదలుపెట్టాడు. కోపం లేదు, అలగడం లేదు, బస్సు దిగినట్టు దిగుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ 63 ఏళ్ళ మనిషిని మబ్బులో ఒక్కణ్ణే పంపలేను కదా. దిగొచ్చాక పడవ కోసం ఆగకుండా సరస్సు ఒడ్డు వెంటే ఉన్న కాలిబాటలో యెండెస్‌హైమ్‌కి మూడు గంటలు నడిచాం. దారి పొడుగునా పొట్టి బర్చ్ చెట్లు, బ్లూబెర్రీ పొదలు, మొత్తం నాలిక నీలంగా అయ్యేదాకా తిన్నాం. కింద గాలే లేదు. అది ఇంకా మండింది నాకు.

యెండెస్‌హైమ్‌లో గోడ మీద కొండ నియమాలు రాసున్నాయి, తొమ్మిది. 1967 ఈస్టర్ సెలవల్లో కొండల్లో 18 మంది చనిపోయిన తర్వాత వీటిని ఊరూరా ప్రచారం చేశారు, ఇక్కడ పిల్లలకి ఎక్కాల్లాగా వస్తాయి. ఎనిమిదోది, వేళకి వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గేం లేదు అని. నాన్నకి చదివి చెప్పలేదు నేను. చెప్తే ఇంకా ఎన్నాళ్ళు వినాలో.

మర్నాడు పొద్దున్నే లేస్తే ఆకాశం అద్దంలా ఉంది, ఒక్క మబ్బు ముక్క లేదు. పడవ టికెట్లు మొత్తం అయిపోయినయ్. బెస్సెగ్గెన్ నేను ఇప్పటికీ ఎక్కలేదు.

లోమ్ మీదుగా సోంగ్నెఫ్యెల్లే రోడ్డెక్కాం. 1434 మీటర్లు, ఉత్తర యూరప్‌లో ఇంతకన్నా ఎత్తున కనుమ దాటే రోడ్డు లేదంటారు, చలికాలం మూసేస్తారు. పైన రోడ్డు పక్కనే జులై చివర్లో కూడా మంచు కుప్పలున్నాయి, నాన్న ఒక ముద్ద తీసి బుగ్గకి ఆనించుకున్నాడు, తర్వాత చుట్టూ చూసి ఎవరూ లేరని నా మీదకి విసిరాడు. అక్కణ్ణించి వంకర్లు తిరుగుతూ గంటలోపే సముద్ర మట్టానికి దిగిపోతాం, చెవులు మూసుకుపోతాయి, పైన స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకున్నవాళ్ళం కింద చొక్కా చేతులు మడిచాం. షోల్డెన్ ఆ ఊరి పేరు. సోంగ్నెఫ్యోర్డ్‌లో ఒక పాయ చిట్టచివర.

ఇది సముద్రం నాన్నా అంటే నమ్మలేదు. రెండు వైపులా కొండలు, అల లేదు, ఉప్పు వాసన లేదు, చెరువులాగే ఉంది. ఆయన పద్ధతి ఆయనకుంది కదా, వంగి దోసిట్లో తీసుకుని నాలిక మీద వేసుకున్నాడు. "చప్పగుంది, అబద్ధం" అన్నాడు. అసలు సముద్రం అక్కడికి 200 కిలోమీటర్ల దూరంలో ఉంది మరి. ఎండాకాలం మంచు కరిగిన తీపి నీళ్ళు తేలిగ్గా ఉంటాయి కాబట్టి పైన పొరలా తేలతాయి, ఉప్పు నీళ్ళు కిందుంటాయి. ఒకప్పుడు హిమానీనదం ఈ లోయని తొలుచుకుంటూ సముద్ర మట్టానికి చాలా కిందికి పోయింది, మంచు కరిగాక సముద్రం లోపలికొచ్చింది, అదే ఫ్యోర్డ్. సోంగ్నెఫ్యోర్డ్ లోపల 1300 మీటర్లు లోతు, మూతి దగ్గర మాత్రం గట్టులా పైకి లేచి తక్కువ లోతు. నాన్న దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు, "కుండలాగ అన్నమాట". నేను ఇంగ్లీషులో రెండు పేజీలు చదివి తెలుసుకున్నది అదే.

రోడ్డు పక్కన ఒక బల్ల మీద రాస్‌బెర్రీ పెట్టెలు, ఎవరూ లేరు, డబ్బులు ఫోన్‌లో వెయ్యమని నంబరు రాసుంది. నేను పంపేదాకా నాన్న పెట్టె పట్టుకోలేదు, పంపాక కూడా ఆ బల్ల వెనక ఎవరైనా ఉన్నారేమో అని చూశాడు.

ఆ రాత్రి, మర్నాటి రాత్రి యూస్తెదాలెన్ లోయలో డబ్బులిచ్చే క్యాంపింగ్‌లో ఉన్నాం. అడవిలో రెండు రాత్రులు గడిపాక వేణ్ణీళ్ళ స్నానం అనేది ఎంత గొప్ప విషయమో అప్పుడు తెలుస్తుంది. అక్కడ అందరికీ కలిపి ఒక వంటగది, నేను అన్నం వండి కారప్పొడి కలుపుతుంటే పక్కన డచ్ కుటుంబం మొత్తం తుమ్ముతున్నారు. వాళ్ళు మాకు గోధుమరంగు చీజ్ ముక్కలు ఇచ్చారు, బ్రూనోస్ట్, చీజ్ తీశాక మిగిలిన విరుగుడు నీళ్ళని రంగు మారి గట్టిపడేదాకా కాచి చేస్తారు. నాకు ఈ రెండేళ్ళలో దిగలేదు. నాన్న తిని, "ఉప్పేసిన కోవా" అని ఇంకో ముక్క తీసుకున్నాడు. అన్నంలో నంజుకున్నాడు కూడా, అది మాత్రం నేను చూడలేకపోయా.

నీగార్డ్స్‌బ్రేన్ అంటే యూస్తెదాల్స్‌బ్రేన్‌లో ఒక చెయ్యి. ఈ యూస్తెదాల్స్‌బ్రేన్ యూరప్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా పెద్ద హిమానీనదం, పైన పళ్ళెంలా పరుచుకుని లోయల్లోకి నాలికలు చాస్తుంది. 1700ల మొదట్లో చలి పెరిగి ఈ నాలిక లోయలోకి ముందుకొచ్చింది, పొలాలు, ఇళ్ళు తోసేసింది, 1748కి చివరి హద్దు చేరి ఆగింది, అప్పటి నించీ మధ్యలో కొన్నేళ్ళు తప్ప వెనక్కే పోతోంది. అది తోసుకొచ్చిన రాళ్ళ కట్ట ఇప్పటికీ ఉంది, మీద చెట్లు మొలిచాయి, అక్కణ్ణించి చూస్తే మంచు ఎక్కడో కొన్ని కిలోమీటర్ల అవతల. పొలాలు పోయిన రైతులు పన్ను తగ్గించమని అర్జీలు పెట్టుకున్నారని చెప్తే నాన్న ఆగి, "ముంపు గ్రామాలు" అన్నాడు. తర్వాత, "తగ్గించిన్రా?" అని అడిగాడు. కొంత తగ్గించారట అన్నా. తలూపాడు.

చెరువు దాటించే చిన్న పడవ పేరు యూస్తెదాల్స్‌రీపా. 1349లో ప్లేగు వచ్చినప్పుడు ఈ లోయలో అందరూ చచ్చిపోయి ఒక్క చిన్న పిల్ల మిగిలిందని, మనుషుల్ని చూసి కొండకోడిలాగా పరిగెత్తేదని కథ, ఆ పిల్ల పేరే అది. పడవ దిగి బోడి రాతి పలకల మీద నడవాలి. ఈ పలకలు మంచు కింద నున్నగా అరిగినవి, గీతలు కూడా మంచు లాగిన వైపుకే ఉంటాయి. మంచుకి కొంచెం దూరంలో తాడు కట్టి ఉంటుంది, గైడ్ లేకుండా అది దాటకూడదు. 2014లో తాడు దాటి దగ్గరికి పోయిన ఒక జంట మీద మంచు దిమ్మ విరిగి పడి ఇద్దరూ చనిపోయారు. ఆ తాడు పక్కనే నిలబడి సెల్ఫీ కోసం లోపలికి కాలు పెట్టేవాళ్ళు మేం వెళ్ళిన రోజూ ఉన్నారు.

మా గైడ్ ఒక కాలేజీ పిల్ల. అందరికీ హెల్మెట్, నడుముకి బెల్టు, బూట్ల కింద ఇనప ముళ్ళ క్రాంపాన్లు ఇచ్చింది. నాన్న మంకీ టోపీ మీదే హెల్మెట్ పెట్టుకున్నాడు, ఆ పిల్ల ఏం అనలేదు, బాగుందని బొటనవేలు చూపించింది. పది మందిని ఒకే తాడుకి కట్టింది, తాడు బిగుసుకోకూడదు, నేల మీద ఈడ్చుకోకూడదు, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, నిలబడి చూడాలనుకుంటే అరవాలి, ఎందుకంటే నువ్వాగితే అందరూ ఆగాలి. మొదటి పది అడుగులు చాలా వింతగా ఉంటుంది, గాజు మీద నడుస్తున్నామని బుర్ర చెప్తుంది, కాలేమో జారదు. మంచు పైన మురికిగా బూడిద రంగులో ఉంటుంది, పగుళ్ళలోకి చూస్తే మాత్రం నీలం. ఏళ్ళ తరబడి బరువు కింద గాలి బుడగలు పోయి గట్టిపడిన మంచు ఎర్ర వెలుగుని మింగేసి నీలాన్ని వదుల్తుందని ఆ పిల్ల చెప్పింది. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది చప్పుడు. కాళ్ళ కింద ఎక్కడో లోతున నీళ్ళు పారుతుంటాయి, కనపడవు.

నాన్న అక్కడ మొదలుపెట్టాడు. కింద ఎంత నీళ్ళు పోతున్నయో అడుగు. కొలుస్తరా, ఎవరు కొలుస్తరు. తాడుకి నేను ముందు, ఆయన వెనక, ఆయన తెలుగులో అరుస్తాడు, నేను ఇంగ్లీషులో ముందుకి అరుస్తా, జవాబు మళ్ళీ వెనక్కి. ఎన్‌వీఈ అని నీళ్ళకీ కరెంటుకీ కలిపి ఉన్న శాఖ ఒకటి ఈ మంచులో కర్రలు దింపి, చలికాలం ఎంత పడింది, ఎండాకాలం ఎంత కరిగింది అని 1962 నించి ఏటా లెక్క రాస్తోంది. "గేజి రీడింగే" అన్నాడు, ఆ గాలిలో కూడా నాకు గొంతులో సంతోషం వినపడింది. ఈ లోయలోనే ఒక జలవిద్యుత్ కేంద్రం ఉంది, పై నించి నీళ్ళు వెయ్యి మీటర్లకి పైగా కిందికి దూకి టర్బైన్ తిప్పుతాయి అని చెప్పేసరికి మాత్రం నమ్మలేదు. "సాగర్ కాడ వందమీటర్లు ఉంటదేమో, వెయ్యెట్ల?" ఆ పిల్ల ఏం చెప్పినా నేను తప్పు ట్రాన్స్‌లేట్ చేస్తున్నానని ఫిక్సయ్యాడు. దిగొచ్చాక విజిటర్ సెంటర్లో బొమ్మ చూపించాకే ఒప్పుకున్నాడు, ఒప్పుకుని ఆ బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. అయిదు రోజుల్లో ఆయన ఫోన్లో తీసిన మొదటి ఫోటో అదే.

అయిదో రోజు తిరుగు ప్రయాణం. గౌప్నె, సోంగ్న్‌డాల్ దాటి మన్‌హెల్లర్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కితే పదిహేను నిమిషాల్లో అవతల ఫోద్నెస్. బ్యాటరీతో నడిచే ఫెర్రీ, ఇంజన్ చప్పుడు లేదు, టికెట్ అడిగేవాళ్ళు లేరు, నంబర్ ప్లేట్ చూసి బిల్లు తర్వాత వస్తుంది. నాన్న పైన డెక్ మీద మురుకులు తింటూ, పక్కవాళ్ళకి పెడుతూ నిలబడ్డాడు.

అక్కణ్ణించి కాసేపట్లో లేర్దాల్ సొరంగం. 24.5 కిలోమీటర్లు, రోడ్డు సొరంగాల్లో ప్రపంచంలోనే పొడుగు. లోపలికి పోయాక అయిదు నిమిషాలకి మాట్లాడ్డం ఆపేశాడు. నిద్రొచ్చిందేమో అనుకున్నా. చూస్తే కళ్ళు గోడ మీదే ఉన్నాయి. నల్గొండవాళ్ళకి సొరంగం అంటే ఒకటే గుర్తొస్తుంది, ఎస్ఎల్‌బీసీ, శ్రీశైలం ఎడమగట్టు కాల్వ, సుమారు 44 కిలోమీటర్లు, మాకు నీళ్ళొస్తాయని నా చిన్నప్పటి నించీ వింటున్నదే. ఆ ఏడాది (2025) ఫిబ్రవరిలోనే అది లోపల కూలింది, నీళ్ళు, బురద ఒక్కసారిగా వచ్చి ఎనిమిది మంది అందులో ఉండిపోయారు. అప్పుడు ఫోన్ చేస్తే నాన్న దాని గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు, రోజూ టీవీ ముందే కూర్చున్నాడని అమ్మ చెప్పింది.

"ఇది ఎన్నేండ్లు కట్టిన్రు?" అన్నాడు. 1995లో మొదలుపెట్టి 2000లో తెరిచారు నాన్నా. "అయిదేండ్లు" అని ఊరుకున్నాడు.

ఈ సొరంగంలో డ్రైవర్లకి నిద్ర రాకుండా మూడు చోట్ల గుహలాగా వెడల్పు చేసి నీలం లైట్లు పెట్టారు, కింద అంచుల్లో పసుపు, తెల్లారుతున్నట్టు ఉంటుంది. రెండో దాంట్లో ఆపమన్నాడు. పక్కకి తీసి ఆపా. ఫోటో అనుకుని ఫోన్ తీశా గానీ ఆయన నా వైపు చూడలేదు, దిగి గోడ దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు, పైకీ కిందికీ తడిమాడు, ఇంకో నాలుగడుగులు పక్కకి జరిగి మళ్ళీ ఆనించాడు. ఒక లారీ పోతే ఆ చప్పుడు చాలాసేపు తిరిగింది లోపల. వచ్చి కార్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, చెయ్యి నాకు చూపించాడు.

"చెమ్మ కూడ లేదురా" అన్నాడు.